తోలు నడుమ తెల్ల గీత

నల్లగండ్ల చుట్టుపట్ల నాలుగైదు ఊళ్ళలో పెంటయ్య కుట్టిన మోట అంటే రైతు దాన్ని తిప్పి చూసేవాడు కాదు. భుజాన వేసుకుని పోవడమే. ఎద్దును కొంటే పళ్ళు చూస్తారు, పిల్లనిస్తే ఇల్లూ వాకిలీ చూస్తారు, పెంటయ్య మోటకు మాత్రం ఏమీ చూడరు. చూడవలసింది ఆయన ముందే చూసి ఉంటాడని అందరికీ నమ్మకం. ఆ పేరు సంపాదించడానికి ఆయనకు ముప్ఫయ్యేళ్ళు పట్టింది. దాన్ని మట్టిలో కలపడానికి ఆయన ఒక్కగానొక్క కూతురు సక్కుబాయికి మూడు రోజులు చాలాయి. పిల్ల మంచిదే. అదే వచ్చిన చిక్కు. చెడ్డపిల్ల అయితే నేను ఇంతసేపు కూర్చుని ఈ కథ చెప్పేవాడినే కాదు.

మోట అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక చెప్పాలి. బావిలోంచి నీళ్ళు తోడే తోలు సంచి. లేగదూడ పట్టేంత ఉంటుంది. కింద ఏనుగు తొండంలాంటి గొట్టం, పైన ఇనుప కడియం, ఆ కడియానికి లావుపాటి మోకు. ఎడ్లు మోకును లాగుతూ ఏటవాలు దారిలో దిగుతుంటే నిండు మోట పైకి వచ్చి, తొండంలోంచి నీళ్ళు కాలువలో పడతాయి. ఎడ్లకు బరువు తోడవడానికి తోలేవాడు మోకు మీదనే కూర్చుంటాడు. అంత బరువును రోజంతా మోయాలంటే తోలు బాగా మాగాలి. సున్నంలో వెంట్రుక రాలగొట్టి, ఆ తర్వాత లందలో వేయాలి. లంద అంటే తంగేడు చెక్క, అంటే బెరడు, దంచి నానబెట్టిన తొట్టి. ఈ పక్క నుంచీ ఆ పక్క నుంచీ తంగేడు రంగు కొంచెం కొంచెంగా లోపలికి నడుస్తుంది. రెండూ నడుమ కలుసుకున్నాకే అది తోలు. అంచు కోసి చూస్తే తెలిసిపోతుంది. కలవకపోతే మధ్యలో తెల్లటి గీత కనబడుతుంది. ఆ గీత ఉన్నంత కాలం అది పచ్చి చర్మమే, నీళ్ళలో పడితే కుళ్ళుతుంది.

పెంటయ్య తండ్రి కాలంలో కొత్త మోట బావిలో దించే రోజున కోడిని కోసేవారు. పెంటయ్య బాప్తిస్మం తీసుకున్నాక ఆ కోడిని మాన్పించాడు. రైతులు గొణిగారు. కీడు జరిగితే ఎవరు పూచీ అని అడిగారు. "కోడెందుకు, కుట్టినోన్ని నేనున్న గద. మొదటి దినం మోకు మీద నేనే కూసుంట. తెగితే నేనే పడత," అన్నాడు. అప్పటి నుంచి అదే ఆయన ఆనవాయితీ. ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారీ పడలేదు.

సక్కుబాయికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. తల్లి పోయి ఆరేళ్ళయింది. మిషను వాళ్ళ బడిలో అయిదో తరగతి దాకా చదివి, తండ్రి పక్కన కూర్చుని తోలుకు తూట్లు పొడిచే ఆరె చేతపట్టింది. ఆడపిల్లకు ఆరె ఎందుకని అవ్వ, అంటే పెంటయ్య తల్లి, మొదట్లో సణిగింది. చూపు ఆనని ముసలమ్మ. తర్వాత మనవరాలి కుట్టు మీద వేలు పోనిచ్చి, "నీకంటె సన్నగ కుడుతున్నదిరా పోరి," అని కొడుకునే దెప్పడం మొదలుపెట్టింది. ఆ దెప్పు విన్న రోజున పెంటయ్య ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

నిజాం రాజ్యం పోయి ఆరు నెలలైంది. క్రీస్తు శ్రమలను తలచుకునే నలభై శ్రమదినాలు మొదలైన బుధవారం నాడు పెంటయ్య రెండు దున్నపోతు తోళ్ళు లందలో వేశాడు. ఏటా అంతే. ఆ బుధవారం తోలు దిగుతుంది, పునరుత్థాన పండుగకు, అంటే ఈస్టరుకు, ముందటి శనివారం లేస్తుంది. "మనమూ నలభై దినాలు నానాలె, అదీ నలభై దినాలు నానాలె. నడుమ ఆదివారాలు తోలుకు కొసరు," అని నవ్వేవాడు.

ఇరవై నాలుగో రోజున శంకర్‌పల్లి నుంచి కబురొచ్చింది. పెంటయ్య అక్కకు జ్వరం, మనిషి లేచే స్థితిలో లేదని. లింగంపల్లి స్టేషనుకు బయలుదేరుతూ కూతుర్ని లంద దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, రోజూ తోలు తిప్పు. చెక్క పల్చబడితే కొత్తది దంచి వెయ్యి. ఇంకొకటి. ఎవరొచ్చి మొత్తుకున్నా ఆ శనివారం దాక తోలు లేపకు. మనిషి ఏడ్సిందని తోలు తొందరగ మాగదు."

"నాకు తెల్వదా నాయినా."

"తెలుసు. తెలిసినోళ్ళకే చెప్పాలె. తెల్వనోడు లంద దిక్కే రాడు," అంటూ ఆమె తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. సక్కుబాయి ఆ మాటను విన్నది. విన్నదని నేను ఒట్టేసి చెప్పగలను. అయితే మూడు రోజుల తర్వాత బుచ్చమ్మ వచ్చింది.

బుచ్చమ్మ ఊళ్ళో మొగుడు పోయిన ఆసామి. తమ్ముడు వీరేశం, ఒక జత ఎడ్లు, ఎకరంన్నర మడి, ఒక మోట బావి, అంతే ఆమెకున్నది. రజాకార్ల గొడవల్లో రెండు యాసంగి పంటలు వేయక మడి బీడు పడింది. ఇది మొదటి పంట. వరి చిరుపొట్ట మీద ఉంది. సరిగ్గా అప్పుడే ఆమె పాత మోట అతుకు వేయడానికి కూడా వీల్లేకుండా పిగిలిపోయింది.

"పెంటన్న ఎప్పుడొస్తడు బిడ్డా?" అని అడిగి అరుగు మీద కూలబడింది. తొందరపెట్టలేదు, ఏడవలేదు. భుజం మీద కొంగు జారితే సక్కుబాయి చూసింది. కుండలు మోసి మోసి తోలు లేచి ఎర్రగా ఉంది.

"ఎంత తడిసింది అత్తా?"

"ఏం తడుస్తది. అక్కా తమ్ముడం పొద్దందాక మోస్తే నాలుగు సాళ్ళు తడుస్తయి. తెల్లారేసరికి పగుళ్ళు."

సక్కుబాయి తల్లి పోయిన వారంలో అన్నం ముట్టని ఈ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంబలి తాగించింది ఈ బుచ్చమ్మే. వాళ్ళ కులమేమిటి, వీళ్ళ వాడేమిటి అని ఊరు నోరు నొక్కుకుంటే, "నోరు నొప్పెడ్తది, తియ్యుండ్రి," అన్న మనిషి. అలాంటి మనిషి భుజం పుండైతే చూస్తూ ఊరుకునేది ఎట్లా? శనివారానికి ఇంకా పందొమ్మిది రోజులుంది. పందొమ్మిది రోజులకు మడి గడ్డివామి అవుతుంది.

"నాయిన వచ్చేలోపు నీకు మోట కుట్టి పెడత అత్తా," అనేసింది సక్కుబాయి. జాలి నిజమే. అయితే మనలో మన మాట, ఆ జాలి పక్కన ఇంకొకటి కూడా కూర్చుని ఉంది. నాయిన లేకుండా నేనొక్కదాన్నే మోట కుట్టానని ఊరంతా చెప్పుకోవాలనే సంబరం. జాలి చెవిలో ఆ సంబరమే ఊదింది.

మరునాడే ఒక తోలు లేపింది. నీళ్ళు కారుతున్న తోలును వాకిట్లో పరిచేసరికి అవ్వ తడుముకుంటూ వచ్చి దాని మీద చెయ్యి వేసింది.

"పచ్చిగ తగులుతున్నదేందే. మీ నాయిన చెప్పిన దినాలైనయా?"

"అయినయి అవ్వా."

అవ్వ చేతిని రెండుసార్లు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది.

సక్కుబాయి తోలు కోసే రంపె తీసుకుని అంచు కోసింది. నడుమ తెల్ల గీత. దారమంత కాదు, బియ్యపు గింజంత మందాన ఉంది. చాలాసేపు దాని ముందు కూర్చుంది. తోలును మళ్ళీ లందలో వేసేద్దామని లేచింది కూడా. అంతలో వీరేశం కావడి మీద రెండు కుండలతో దారిన పోతూ కనబడ్డాడు. ఆమె మళ్ళీ కూర్చుంది. వానలు పడ్డాక మోట విప్పి ఇంకోసారి నానబెడతాలే అనుకుంది. ఒక గుడ్డ పేలికను లందలోని చిక్కటి నీళ్ళలో ముంచి, కోసిన అంచు పొడుగునా రుద్దింది. ఒకసారికి పోలేదు. మూడోసారికి గీత కనిపించకుండా పోయింది. లోపల ఉన్నది లోపలే ఉంది. పైకి మాత్రం అంచంతా ఒకటే రంగు, చూడముచ్చటగా ఉంది.

మూడు రోజుల్లో మోట కుట్టేసింది. కుట్టులో వంక పెట్టడానికి లేదు.

శనివారం పొద్దు వాలే వేళకు పెంటయ్య రైలు దిగి వచ్చాడు. అక్కకు నెమ్మదించింది, జొన్న గటక తిన్నది, నన్ను తిట్టింది కూడా అని సంతోషంగా చెబుతూ గడపలోకి వచ్చి, దూలానికి వేలాడుతున్న కొత్త మోటను చూసి ఆగిపోయాడు.

"ఇదేంది బిడ్డా?"

"బుచ్చమ్మత్తకు కుట్టిన. ఆమె మడి ఎండుతున్నది నాయినా."

"దినాలు కాలే గద."

"ఎండలు ముదిరినయి. చెక్క దండిగ వేసిన. తొందరగ పట్టింది."

"కోసి చూసినవా?"

"చూసిన."

"గీత?"

"లేదు నాయినా."

పెంటయ్య మోటను కిందికి దించి అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. రంపె చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఒక్క క్షణం ఆగి, రంపెను గూట్లో పెట్టేశాడు. "నువ్వు చూసినవంటె నేను చూసినట్టే. మళ్ళ కోసుడెందుకు," అని కుట్టును కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "అవ్వా, నీ మనుమరాలు నా కడుపు కొట్టేటట్టున్నది. ఇగ నాకు పనేం ఉంటది," అని గట్టిగా నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టి ముగ్గురూ ప్రార్థనకు కూర్చున్నారు. పెంటయ్య అక్క కోసం, బుచ్చమ్మ మడి కోసం ప్రార్థించాడు. చివరికి, "ఈ బిడ్డ చేతులిచ్చినందుకు నీకు స్తోత్రం తండ్రీ," అన్నాడు. సక్కుబాయి కళ్ళు తెరిచి తన చేతులను చూసుకుంది. తంగేడు రంగు గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుంది. చెప్పలేదు. నాయిన అంత సంతోషంగా ఉన్నాడు, ఆ సంతోషం చెడగొట్టడం ఎందుకని తనకు తానే ఒక సాకు చెప్పుకుంది. అప్పుడే నోరు విప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇప్పుడు అనుకుంటే ఏం లాభం?

సోమవారం పొద్దున్నే మోట బావిలో దిగింది. పెంటయ్య ఎడ్లను నిమిరి, తలపాగా సర్దుకుని, మోకు మీద కూర్చున్నాడు. వీరేశం కాలువ గట్టున, బుచ్చమ్మ మడిలో పారతో, సక్కుబాయి బావి పక్కన బండ మీద. మొదటి మోట పైకి వచ్చి తొండంలోంచి నీళ్ళు దబ్బున పడ్డాయి. బుచ్చమ్మ అక్కడి నుంచే చెయ్యెత్తి దండం పెట్టింది. రెండు, మూడు, నాలుగు. సక్కుబాయి ప్రతి మోటనూ లెక్కపెట్టింది. ఎనిమిదో దానికి కడియం దగ్గర తోలు ఉబ్బినట్టు కనబడింది. పదో దానికి ఆ ఉబ్బు సాగింది. నాయినా, దిగు అని అనాలి. నోటిదాకా వచ్చింది. అంటే ఎందుకని అడుగుతాడు. ఈ ఒక్కటి గడిస్తే చెబుతా అనుకుంది. పదకొండు గడిచింది.

పన్నెండో మోట బావి అంచుదాకా వచ్చి, కడియం దగ్గర పిగిలిపోయింది. బరువు ఒక్కసారిగా పోయేసరికి ఎడ్లు ముందుకు తూలి మోకాళ్ళ మీద పడ్డాయి. మోకు గాలిలో ఎగిరింది. పెంటయ్య ఏటవాలు బండ మీద పడి దొర్లాడు.

సక్కుబాయి పరుగెత్తిన సంగతి ఆమెకు గుర్తులేదు. తండ్రి కుడి మణికట్టు పక్కకు తిరిగి ఉంది. వీరేశం, మడిలోంచి ఉరికి వచ్చిన బుచ్చమ్మ ఆయన్ను లేపి కూర్చోబెట్టారు. పెంటయ్య ముందు ఎడ్లను చూడమన్నాడు. వాటి మోకాళ్ళు చెక్కుకుపోయాయి గానీ కాళ్ళు విరగలేదు. తర్వాత మోకు కొసను తన దగ్గరికి లాక్కున్నాడు. కడియానికి బెత్తెడు తోలు ముక్క అంటుకుని ఉంది. దాన్ని ఎడమ చేత్తో పీకి, పిడికిట్లో మూసి, నడుముకు దోపుకున్నాడు.

"ఏమైంది పెంటన్నా? నీ మోట తెగుడేంది?" అన్నాడు వీరేశం నమ్మలేక.

"నా తప్పే తమ్మీ. దినాలు కాకముందే తెచ్చిన. బుచ్చమ్మా, నీ మడి పాడు చేసిన, మాఫ్ చెయ్యి," అన్నాడు పెంటయ్య. సక్కుబాయి పక్కనే నిలబడి విన్నది.

ఎముకలు కట్టేవాడు వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఆరు నెలలు రంపె గానీ ఆరె గానీ పట్టరాదన్నాడు. ఆ తర్వాత ఎప్పటిలా పట్టగలడా అని అవ్వ అడిగితే, దేవుని దయ అన్నాడు. అంటే ఏమిటో అందరికీ అర్థమైంది.

సక్కుబాయి తండ్రికి ముద్దలు కలిపి పెట్టింది, తలకు నూనె రాసింది, పిలవకముందే పలికింది. అన్నీ చేసింది, చెప్పవలసిన ఒక్క మాట తప్ప. లంద మొహం చూడటానికే భయమై, రెండో తోలును తిప్పడం కూడా మానేసింది.

గురువారం పొద్దున తెల్లాపూర్ నుంచి రామచంద్రం అనే రైతు వచ్చాడు. నిరుడు పెంటయ్య దగ్గర కొన్న మోటను భుజాన వేసుకుని వచ్చాడు. పెంటయ్య చేతిని చూసి అయ్యో అన్నాడు, కూర్చున్నాడు, ఎండల గురించి మాట్లాడాడు. చివరికి నేల చూపులు చూస్తూ అసలు మాట తీశాడు.

"పెంటయ్యా, ఏమనుకోకు. ఇంట్ల ఆడోళ్ళు పరేషాన్ అయితున్నరు. దీని అంచు జర కోసి చూపిస్తవా?"

ముప్ఫయ్యేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి అతడు. పెంటయ్య ముఖంలో రంగు మారింది గానీ గొంతు మారలేదు. "ఏమనుకుంట పటేలా, అడగాలె. బిడ్డా, కొయ్యి," అన్నాడు.

సక్కుబాయి రంపె పట్టింది. అంచు కోసింది. ఈ పక్క నుంచి ఆ పక్క దాకా ఒకటే ఎరుపు. ఎంత వెతికినా నడుమ ఏమీ లేదు. రామచంద్రం సిగ్గుపడి, చెప్పవలసినదానికంటే ఎక్కువ మంచిమాటలు చెప్పి వెళ్ళిపోయాడు. పెంటయ్య గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. తండ్రి అంత ముసలివాడని సక్కుబాయికి అంతవరకూ తెలియదు.

తండ్రి విడిచిన పంచెను ఉతకడానికి పెరట్లోకి తీసుకుపోయి విదిలించింది. మడతలోంచి ఎండిన తోలు ముక్క రాలింది. తీసి చూసింది. పైన రుద్దిన రంగు నీళ్ళకు కొట్టుకుపోయింది. నడుమ తెల్ల గీత బియ్యపు గింజంత మందాన స్పష్టంగా ఉంది.

ఆమె కాళ్ళు ఆమెను తండ్రి మంచం దగ్గరికి ఈడ్చుకొచ్చాయి. అరచేతిలో ముక్క పెట్టి చూపించింది.

"నాయినా, ఇది..."

"మోకు కొసకు మిగిలింది బిడ్డా."

"నువ్వు చూసినవా?"

"పడ్డప్పుడే చూసిన. చెయ్యి విరిగింది గని కండ్లు మంచిగనే ఉన్నయి గద."

సక్కుబాయి మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చింది. మూడు రోజులుగా అదిమిపెట్టిన ఏడుపు. "నీతోని అబద్ధమాడిన నాయినా. గీత ఉన్నది. రంగు రుద్ది దాచిన. బావి కాడ కూడ నాకు తెలుసు, నిన్ను దిగమనలె. నీ చెయ్యి నేనే విరగ్గొట్టిన."

పెంటయ్య ఎడమ చేత్తో ఆమె తల నిమిరాడు. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "ఇగ చెప్పినవ్. మూడు దినాల సంది ఎదురుచూస్తున్న."

"నన్నెందుకు తిట్టలె?"

"తిడదామనే అనుకున్న. తిడితే నువ్వు ఏడుస్తవ్, నేను కరుగుత, ఇద్దరం బువ్వ తిని పంటం. బుచ్చమ్మ మడి మాత్రం గట్లనే ఎండుతది."

"మరి అందరి ముందట తప్పు నీదంటివి?"

"మోట మీది పేరు నాది. కొయ్యకుండ రంపె గూట్లె పెట్టింది నేను. నువ్వు నా బిడ్డవు. ఇంకెవరిదంట?" అని ఆమె కన్నీళ్ళు తుడిచి, "అయితే నాకు చెబితే సగమే అయితది సక్కూ. మిగిలిన సగం ఎక్కడున్నదో నీకు తెలుసు," అన్నాడు.

తెలుసు. ఆ మధ్యాహ్నమే తండ్రీ కూతురూ బుచ్చమ్మ మడికి నడిచారు. పెంటయ్య గట్టు మీదే ఆగిపోయాడు. సక్కుబాయి ఒక్కతే మడిలోకి దిగి తోలు ముక్కను బుచ్చమ్మ చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వీరేశం కుండ దించి నోరు తెరుచుకుని విన్నాడు. బుచ్చమ్మ చాలాసేపు ఆ ముక్కను తిప్పి తిప్పి చూసింది.

"మీ నాయిన నెత్తి పలిగి ఉంటె?" అంది చివరికి. "నా పేరు మీద నీ తండ్రిని చంపుకుందువు. నేనడిగిన్నా నిన్ను? అంబలి తాపినందుకు గిదా?" అని సక్కుబాయి వీపు మీద ఒక్కటి వేసింది. గట్టిగానే వేసింది. వేసి, అదే చేత్తో ఆ పిల్లను దగ్గరికి లాక్కుని తానూ ఏడ్చింది. మడిలో ఎగువ సగం అప్పటికే ఎర్రబడి గడ్డయింది. ఎవరేడ్చినా అది మళ్ళీ పచ్చబడలేదు. ఆ సగం పంట పోయింది. పోయిందంటే పోయిందే, దాన్ని తీపి చేసి చెప్పడం నాకు చేతకాదు.

దిగువ సగం మిగిలింది. పండుగకు వారం ముందటి మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక పెంటయ్య వాడ జనమంతా ఈత మట్టలతో నేరుగా బుచ్చమ్మ మడికే వచ్చారు. ఎవరూ పిలవలేదు. సక్కుబాయి ప్రార్థన గుడిలో అందరి ముందూ లేచి నిలబడి తన తప్పు చెప్పుకుంది, అంతే. మట్టలను గట్టున గుచ్చి, కుండలు అందుకున్నారు. బావి నుంచి మడి దాకా మనుషులు వరస కట్టి కుండ చేతులు మారుస్తుంటే, అవ్వ గట్టు మీద కూర్చుని ఎవరి కుండ ఒలికినా శబ్దాన్ని బట్టి పట్టుకుని తిట్టింది. ఆ రోజు నుంచి వంతులు వేసుకున్నారు.

సక్కుబాయి మళ్ళీ లంద ముందు కూర్చుంది. రెండో తోలును రోజూ తిప్పింది. కొండబండల మధ్య తిరిగి తంగేడు చెక్క కొట్టుకొచ్చి దంచి వేసింది. పండుగ ముందటి శనివారం వచ్చింది. తోలు లేపి వాకిట్లో పరిచారు. బుచ్చమ్మ పొద్దున్నే వచ్చి, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇంకొక్క వారం ఆగాలంటే ఆమె భుజం ఏమవుతుందో అందరికీ తెలుసు.

"కొయ్యి బిడ్డా," అన్నాడు పెంటయ్య.

సక్కుబాయి అంచు కోసి ఆయన ముందుకు జరిపింది. ఆయన చూడలేదు. మొహం అటు తిప్పేసి, బయట బండల మీద ఎండను చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వే చూసి చెప్పు."

ఆమె వెలుగులోకి తిప్పి చూసింది. మొదట ఏమీ కనిపించలేదు. సంతోషం పొంగింది. మళ్ళీ చూసింది. ఉంది. తిప్పకుండా వదిలేసిన ఆ మూడు రోజుల గుర్తు, వెంట్రుకంత సన్నగా. అది ఆమెకు తప్ప ఎవరికీ కనిపించదు. బుచ్చమ్మ ఆశగా ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఉన్నది నాయినా," అంది. "వెంట్రుకంత."

బుచ్చమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచింది. "అయితె ఉండనియ్యి. ఇన్ని దినాలు మోసిన, ఇంకో వారం మొయ్యలేనా," అని తోలుకు ఒక పక్క తానే పట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని మళ్ళీ లందలో దించారు.

మరో వారానికి గీత పోయింది. మూడు రోజులు కుట్టింది సక్కుబాయి. కొత్త మోట బావిలో దిగిన పొద్దున, పెంటయ్య కట్టు కట్టిన చేతితోనే మోకు దగ్గరికి వచ్చాడు. ఆమె అడ్డం నిలబడింది.

"నీ ఆనవాయితీ ఏంది నాయినా? కుట్టినోళ్ళే గద కూసునేది?"

వీరేశం నవ్వాడు. ఆడపిల్ల మోకు మీద కూర్చోవడమా అన్నాడు. బుచ్చమ్మ అతన్ని ఒక్క చూపు చూసింది. సక్కుబాయి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మోకు మీద కూర్చుని ఎడ్లను అదిలించింది. ఒకటి, రెండు, మూడు. పెంటయ్య కాలువ గట్టున నిలబడ్డాడు. పదకొండు గడిచింది. పన్నెండో మోట పైకి వస్తుంటే సక్కుబాయి కళ్ళు మూసుకుంది. నీళ్ళు దబ్బున కాలువలో పడిన చప్పుడు విని తెరిచింది. పదమూడు, పద్నాలుగు. మధ్యాహ్నానికి దిగువ మడంతా తడిసింది.

ఎడ్లు విప్పాక తండ్రీ కూతురూ కాలువలో కాళ్ళు పెట్టి కూర్చున్నారు. ఆమె అడగాలా వద్దా అని తటపటాయించి అడిగింది.

"నాయినా, ఈసారి గూడ నువ్వు అంచు చూడలె. ఒకసారి అబద్ధమాడినదాన్ని, మళ్ళ ఎట్ల నమ్మినవ్?"

పెంటయ్య ఎడమ చేత్తో కాలువలో నీళ్ళు ముంచుకుని తాగి, మూతి తుడుచుకున్నాడు.

"పండుగ ముందటి శనివారం గీత ఉన్నదంటివి గద బిడ్డా. అప్పుడే నమ్మిన."